బోలు ఐసు

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసిన సర్వీస్ సెంటర్‌కు కొత్త మెకానిక్‌లు వచ్చారని, వాళ్లకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. వెళ్లి నిలబడ్డాను. ఏదో మాట్లాడాను. వాళ్లు వినీ విననట్టు ఫోన్లు చూసుకున్నారు. తప్పు వాళ్లది కాదు. అసలు చెప్పాల్సింది నా నోట రాలేదు. అందుకే ఇంటికొచ్చి రాస్తున్నాను. ఓపిక ఉన్నవాళ్లు చదువుతారు, లేనివాళ్లు వదిలేస్తారు.

నేను ఫ్రిజ్ మెకానిక్‌ని. మొదట్లో ఒంటి తలుపు ఫ్రిజ్‌లకు గ్యాస్ నింపేవాణ్ని. చివరి సంవత్సరాల్లో పెద్ద ఫ్రిజ్‌లు నాకు అప్పగించారు. రెండు తలుపులు పక్కపక్కన ఉండి, తలుపుకే గ్లాసు ఆనిస్తే చల్లటి నీళ్లూ ఐసు ముక్కలూ వచ్చే రకం. కొత్తపేట, ఎల్బీనగర్, హస్తినాపురం, వనస్థలిపురం, ఇవే నా వీధులు. ఎప్పుడు చేరాను, ఎప్పుడు సీనియర్‌నయ్యాను అనేది రాయను. వాటితో మీకు పని లేదు. ఇప్పుడు నా వేళ్ల కీళ్లు వంగవు. చొక్కా గుండీ పెట్టుకోవడానికే తెల్లారిపోతోంది. ఈ పని చేతులకు మిగిల్చేది ఇదే. ముందే తెలుసుకోండి.

గోడ వెనక కుళాయి

నీళ్లు రావడం లేదని ఫోను వస్తే సగం మంది కుర్రాళ్లు సంచిలో కొత్త వాల్వు వేసుకుని బయల్దేరతారు. వద్దు. ముందు ఫ్రిజ్ వెనక గోడకున్న చిన్న కుళాయి చూడండి. ఇల్లు తుడిచేటప్పుడో, పెళ్లికి సున్నం వేయించేటప్పుడో ఎవరో కట్టేసి ఉంటారు. లేదా ఫ్రిజ్ వెనక్కి జరిపి సన్నటి పైపును నలిపేసి ఉంటారు. తర్వాత ఫిల్టరు చూడండి. ఎల్బీనగర్ బోరు నీళ్లకు ఫిల్టరు ఎన్నాళ్లు బతుకుతుందో కంపెనీ పుస్తకం చెప్పదు, ఆ ఇంటి బకెట్టు అంచున పేరుకున్న తెల్లటి పొర చెబుతుంది. తర్వాత తలుపు సరిగా పడుతోందో లేదో చూడండి. పిల్లల తాళం బటన్ నొక్కి ఉందేమో చూడండి. ఐసు రావడం లేదంటే, బుట్ట నిండగానే యంత్రాన్ని ఆపే తీగ చెయ్యి ఒకటుంటుంది, దాని కింద చేపల కవరో బఠానీల కవరో కుక్కి ఉంటారు. అది పైకి లేచి ఉన్నంతసేపూ ఐసు తయారు కాదు. ఇవన్నీ అయ్యాకే వాల్వు దాకా వెళ్లండి. చాలా ఇళ్లలో అంతదూరం పోనక్కర ఉండదు.

కుళాయి తిప్పి చేతులు దులుపుకుంటే మాత్రం ఇంటివాళ్ల ముఖం మాడిపోతుంది. ఇంత చిన్నపనికా ఇంత సేపు ఎదురుచూశాం అన్నట్టు చూస్తారు. ఏదైనా విప్పి, నేల మీద నట్లు పరిచి, చెమట కారిస్తేనే మనం పనివాళ్లం. ఈ అవమానం అలవాటు చేసుకోండి.

వనస్థలిపురంలో ఒక ఇంట్లో ఐసు ముక్కలు మాటిమాటికీ ఒకే గడ్డగా అతుక్కుపోయేవి. నాకంటే ముందు వెళ్లినవాళ్లు మోటారు మార్చారు, బుట్ట మార్చారు, చివరికి తలుపు రబ్బరు కూడా మార్చారు. ఆ ఇంటి పెద్దాయన గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ ఉద్యోగి. కాఫీ ఇచ్చి, కబుర్లు చెబుతూ, రోజూ పడుకోబోయే ముందు ఫ్రిజ్ స్విచ్ కట్టేస్తానని మాటల మధ్యలో అన్నాడు. రాత్రంతా ఎవరూ తలుపు తియ్యనప్పుడు కరెంటు దండగ ఎందుకని ఆయన లెక్క. ముక్కలు కరిగి, పొద్దున మళ్లీ గడ్డకట్టేవి. చిన్నప్పుడు ఇంట్లో ఒక్క బల్బు వెలిగించుకుని పెరిగిన మనిషి, ఎంత పెద్ద ఫ్రిజ్ కొన్నా చెయ్యి ఆ స్విచ్ మీదికే పోతుంది. ముందు వెళ్లినవాళ్లు ఎవరూ ఆయన్ను మాట్లాడనివ్వలేదు, అంతే తేడా.

సలీం భాయ్ చెప్పిన ఒక్క మాట

నా పైన పనిచేసిన ఇన్‌ఛార్జుల్లో ఎక్కువమంది గురించి చెప్పడానికేమీ లేదు. ఒకాయన ఉండేవాడు, పొద్దున్నే అందరినీ వరసగా నిలబెట్టి ఎవరు ఎన్ని ఫిల్టర్లు అమ్మారని అడిగేవాడు. ఎవరి ఇంట్లో ఐసు వచ్చిందని ఏనాడూ అడగలేదు. అలాంటివాళ్లు మీకూ తగులుతారు. ఎదురు తిరిగి లాభం లేదు, మీ పని మీరు చేసుకోండి.

నాకు పని నేర్పింది సలీం భాయ్ అనే సీనియర్ మెకానిక్. ఆయన ఏ ఇంటికెళ్లినా సంచి గుమ్మం దగ్గరే పెట్టేసి, ముందు ఒక గ్లాసు నీళ్లు పట్టేవాడు. ఒక ఐసు ముక్క తీసి అరచేతిలో పెట్టుకునేవాడు, నోట్లో వేసుకుని కొరికేవాడు. "జర ముట్టుకొని చూడు భై, తర్వాత విప్పు" అనేవాడు. నీళ్లు ఎంత సన్నగా పడుతున్నాయో, ముక్క గట్టిగా ఉందో లోపల బోలుగా ఉందో, వాసన ఏమిటో, సగం సంగతి అక్కడే తెలిసిపోయేది. ఐసు చేసే ఈ యంత్రం నీళ్ల కొలత తెలుసుకోదు. ఇన్ని సెకన్లు వాల్వు తెరువు అంటే తెరుస్తుంది, అంతే. పైపులో జోరు తక్కువుంటే ముక్కలు కట్టే అచ్చు నిండదు, ముక్క పలచగా, లోపల డొల్లగా వస్తుంది. జోరు ఎక్కువుంటే అవే సెకన్లలో అచ్చు నిండా నీళ్లు పడి ముక్క రాయిలా వస్తుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి. మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

దేవదానం ఫ్రిజ్

హస్తినాపురం వైపు ఒక సందులో దేవదానం ఇల్లు. మునుగోడు దిక్కు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. డీసీఎం వ్యాను డ్రైవరుగా మొదలై, సొంతానికి రెండు వ్యాన్లు తిప్పిన మనిషి. ఆయన పుట్టిన ఊళ్లో బోరు నీళ్లు తాగి ఎముకలు వంకర తిరిగేవి. సొంత అన్న కాళ్లు విల్లులా వంగిపోయాయట, నలభై దాటకముందే కర్ర పట్టాడట. అటువైపు వాళ్ల ఇళ్లకు వెళ్తే మీకే తెలుస్తుంది, కుళాయి నీళ్లను వాళ్లు నమ్మరు. ఫ్రిజ్ పైపును నేరుగా నల్లాకు కలపనివ్వరు. వంటింట్లోని ఫిల్టరు మిషన్ తొట్టి నుంచే కలపాలి. ఆ తొట్టి నుంచి నీళ్లు జోరుగా రావని ఎంత చెప్పినా వినరు. నేను కూడా కొన్నాళ్లకు చెప్పడం మానేశాను.

దేవదానం ఈ ఫ్రిజ్‌ను వ్యాన్లు బాగా నడిచిన రోజుల్లో కొన్నాడు. ఫిల్టరు తొట్టికి కలిపి బిగించింది నేనే. గ్లాసు ఆనించగానే నీళ్లు పడుతుంటే పక్కింటివాళ్లను పిలిచి మరీ చూపించాడు. ధార సన్నగా, ఐసు ముక్కలు బోలుగా వచ్చాయి. నేను కారణం చెబితే నవ్వి, బోలుదైనా మంచి నీళ్లే గదా అన్నాడు. అంత సంతోషంగా ఫ్రిజ్‌ను చూసిన మనిషి నాకు మళ్లీ తగల్లేదు.

తర్వాత చాలాకాలానికి ఆయన భార్య ఎస్తేరమ్మ ఫోను చేసింది. వెళ్లేసరికి గేటు దగ్గరే నిలబడి ఉంది. దేవదానానికి కిడ్నీలు రెండూ పోయాయట. వారానికి రెండుసార్లు దవాఖానకు తీసుకెళ్లి రక్తం శుద్ధి చేయిస్తున్నారు. వ్యాన్లు అమ్మేశారు. అక్కడి సిస్టరు నీళ్లకు గట్టి లెక్క పెట్టింది. దాహం ఆగదు కాబట్టి నీళ్లుగా ఇవ్వకుండా ఐసు ముక్కలుగా ఇవ్వమని, చప్పరిస్తే ఎక్కువసేపు నోరు తడిగా ఉంటుందని చెప్పిందట. ఎస్తేరమ్మ ముక్కలు కరిగించి గ్లాసులో కొలిచి, పూటకు ఎన్ని ఇవ్వాలో లెక్కగట్టుకుంది. ఒక్క ముక్క అటూ ఇటూ పోనివ్వలేదు. మొదట బాగానే ఉంది. తర్వాత దవాఖానకు వెళ్లినప్పుడల్లా ఒంట్లో నీరు ఎక్కువ చూపించడం మొదలైంది. ఒకసారి ఊపిరాడక పెద్ద గండమే గడిచింది. డాక్టరు ఈమె మీద అరిచాడు. ఇంకోసారి ఇట్లా తెస్తే తన చేతిలో ఏమీ ఉండదన్నాడు.

"అన్నా, నీళ్ల నల్లా బంద్ జేయాలె. ఐసు మాత్రం రావాలె" అంది.

ఫ్రిజ్ తలుపుకున్న నల్లాలో నీళ్లు రావడం లేదా అని అలవాటుగా అడిగాను.

"మంచిగనే ఒస్తున్నయ్. అందుకే బంద్ జేయమంటున్న. ఆయన దొంగతనంగ తాగుతున్నడు."

నా సర్వీసులో బాగా పనిచేసేదాన్ని ఆపమని అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. తాను తాగలేదని దేవదానం అంటున్నాడట. ఈమె నమ్మలేదు. ఎట్లా నమ్ముతుంది? తానిచ్చేది తాను లెక్కపెట్టే ఇస్తోంది, ఒంట్లో నీరు మాత్రం పెరుగుతోంది. పాస్టరుగారితో చెప్పింది. అబద్ధం నోట్లో పెట్టుకుని ప్రభువు బల్ల ముట్టొద్దని భర్తతో అంది. నెల మొదటి ఆదివారం మందిరంలో ఆ ప్రభువు బల్ల ద్రాక్షరసం గిన్నె వరసలో ఆయన దాకా వచ్చింది. ఆయన చెయ్యి చాపకుండా పక్కవాళ్లకు అందించేశాడట. అదే తప్పు ఒప్పుకోవడమని ఆమె అనుకుంది. చెబుతున్నప్పుడు ఆమె కళ్లలో కోపం కంటే భయమే ఎక్కువ ఉంది. ఆయన చనిపోతాడని భయం, అబద్ధంతో చనిపోతాడని అంతకంటే భయం.

ముక్క అరచేతిలో పెట్టుకుంటే

దేవదానం మంచం హాల్లో, సరిగ్గా ఫ్రిజ్‌కు ఎదురుగా ఉంది. అక్కడ వేయించుకున్నది ఆయనేనట. పాదాలు ఉబ్బి ఉన్నాయి, పెదవులు ఎండి పొట్టు లేచాయి. నన్ను గుర్తుపట్టాడు. ఎస్తేరమ్మ చాయ్ పెడతానని, ఆయన ముందు వద్దు వంటింట్లోకి వచ్చి తాగమని చెప్పి లోపలికి వెళ్లింది. ఆయన ఎదుట ఆ ఇంట్లో ఎవరూ ఏమీ తాగరట.

సంచి గుమ్మం దగ్గర పెట్టి, సలీం భాయ్ అలవాటు ప్రకారం ఒక ముక్క తీసి అరచేతిలో పెట్టుకున్నాను. బరువుగా ఉంది. కొరికితే పన్ను జివ్వుమంది. ఎక్కడా బోలు లేదు. ఈ ఇంటి ఐసు ఇది కాదు. వంగి ఫ్రిజ్ వెనక పైపు చూశాను. ఫిల్టరు మిషన్ వైపు గోడకు చిన్న పంపు ఒకటి కొత్తగా బిగించి ఉంది. ధార సన్నగా ఉందని మిషన్ బాగుచేసే అతనెవరో పెట్టి ఉంటాడు. చక్కటి పని, వంక పెట్టడానికి లేదు. ఎస్తేరమ్మ బోలు ముక్కలను కొలిచి లెక్క కట్టింది. పంపు వచ్చాక అచ్చు నిండా నీళ్లు పడుతున్నాయి. ముక్కల సంఖ్య అదే, నీళ్లు మాత్రం రెట్టింపు. రోజూ లెక్కపెట్టే మనిషి కాబట్టే మళ్లీ కొలవాలని ఆమెకు తట్టలేదు.

తల ఎత్తేసరికి దేవదానం నన్నే చూస్తున్నాడు. వంటింటి వైపు ఒకసారి చూసి, వద్దన్నట్టు తల ఊపాడు. దగ్గరకు వెళ్లి వంగాను.

"ముక్క నోట్ల వెట్టుకుంటే తెల్వదా అన్నా? పంపు వెట్టిన దినమే తెల్సింది నాకు" అన్నాడు మెల్లగా.

మరి చెప్పలేదేం అన్నాను.

"చెప్తే సగం జేస్తది. నన్ను దొంగ అంటే అననీ. గీ నీళ్లన్న ఉండనీ."

నల్లా ముట్టలేదని ఆయన చెప్పింది నిజం. అంతకుమించి చెప్పకపోవడం కూడా నిజం. దాహానికి తట్టుకోలేక కట్టుకున్న భార్య ముందు, మందిరంలో అందరి ముందు దొంగగా కూర్చున్నాడు. చిన్నప్పటి నుంచి మంచి నీళ్ల కోసమే బతికినట్టు బతికిన మనిషికి ఇట్లాంటి గతి పట్టడం నాకు ఈనాటికీ మింగుడుపడదు.

ఇక్కడ మెకానిక్ చేయగలిగినవి మూడే పనులు. నల్లా వైరు పీకేసి, మాట్లాడకుండా వెళ్లిపోవచ్చు. అప్పుడు నీరు పెరుగుతూనే ఉంటుంది, ఈ మనిషి చచ్చిపోతాడు, ఈలోగా బాత్రూం కుళాయిలు కూడా కట్టేస్తారు. రెండోది, ఐసు యంత్రంలో నీళ్లు తగ్గించే స్క్రూ ఒకటుంటుంది, వైరు పీకడంతోపాటు దాన్ని గుట్టుగా తిప్పవచ్చు. నీరు తగ్గుతుంది, మనిషి బతుకుతాడు. కానీ నల్లా ఆపిన వారమే నీరు తగ్గితే ఎస్తేరమ్మ ఏమనుకుంటుంది? ఇన్నాళ్లూ నల్లా నుంచే తాగాడని రుజువైపోతుంది. ఆ దొంగ పేరు ఆయనతోపాటే సమాధిలోకి పోతుంది. మూడోది చెప్పడం.

వంటింట్లోకి వెళ్లి చెప్పాను. పంపు సంగతి, ముక్కల సంగతి చెప్పాను. ఆయనకు ముందే తెలుసన్న మాట మాత్రం చెప్పలేదు. అది ఆయనది, నాది కాదు.

ఆమె చాలాసేపు నమ్మలేదు. పంపు పెట్టిన రోజు బుట్ట ఖాళీ చేసి, పాత ముక్కలు చేపల మీద వేయడానికి పనికొస్తాయని ఒక కవర్లో కట్టి పెట్టిందట. ఫ్రీజరు అడుగున అవి ఇంకా ఉన్నాయి. ఒక స్టీలు గ్లాసులో పాతవి, ఇంకో గ్లాసులో అన్నే కొత్తవి వేసి గట్టు మీద పెట్టాను. నా చాయ్ చల్లారిపోయింది. ముక్కలు కరిగేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. పాత ముక్కల గ్లాసులో నీళ్లు సగం కూడా రాలేదు, కొత్తవాటిది దాదాపు అంచుకు వచ్చింది.

ఎస్తేరమ్మ హాల్లోకి వెళ్లి మంచం దగ్గర నేల మీద కూర్చుంది. ఆయన ఉబ్బిన పాదం మీద చెయ్యి వేసి, "నువ్వు తాగలే" అంది.

"చెప్పిన గదా."

తర్వాత ఆయనే అడిగాడు. "అయితే ఇగ నీళ్లు తగ్గిస్తవా?"

ఆమె ఔనన్నట్టు తల ఊపింది. ఆయన అటు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నేను స్క్రూ తిప్పి ముక్కను పాత కొలతకు తెచ్చి, నల్లా వైరు కూడా పీకి టేపు చుట్టాను. నల్లా ఇక ఆపక్కర్లేదు కదా, వైరు తీయొద్దులే అని ఎస్తేరమ్మ అంది. పీకేయమని దేవదానమే చెప్పాడు. ఎదురుగా అది ఉంటే ఎన్నాళ్లు ఆగుతానో తెలియదన్నాడు.

మీలో ఎవరైనా ఇది చదివి, లోపం పట్టుకోవడం గొప్ప అనుకుంటే నా రాత దండగ. లోపం పట్టుకోవడం సులువు. పట్టుకున్నాక అది ఎవరి నెత్తిన పడుతుందో చూసి కూడా చెప్పాల్సి రావడమే ఈ పనిలో కష్టం. దాన్ని ఏ ట్రైనింగులోనూ నేర్పరు. నేనూ నేర్పలేను.

చివరి ఫోను

వానాకాలం వెళ్లాక ఎస్తేరమ్మ మళ్లీ ఫోను చేసింది. వెళ్లేసరికి హాల్లో మంచం లేదు. ఆయన పోయి కొన్ని వారాలైందట. నీటి వల్ల కాదు, చివరికి గుండె ఆగిపోయింది. ఆ మధ్యలో ఒక మొదటి ఆదివారం ఆయన్ను ఆటోలో మందిరానికి తీసుకెళ్లిందట. పాస్టరుగారికి తానే నిలబడి జరిగింది చెప్పింది. గిన్నె ఆయన దాకా వచ్చినప్పుడు ఈసారి రెండు చేతులా పట్టుకుని తాగాడు.

"ఆ గుక్క నేను లెక్కల పట్టలే అన్నా" అంది.

ఫ్రిజ్‌కు ఏమైందని అడిగాను. ఏమీ కాలేదంది. నిండిన ఐసు బుట్టను ఇంకా అలవాటుగా ఒంపేస్తోందట, మళ్లీ ముక్కలు పడ్డప్పుడల్లా ఆ చప్పుడుకు లేచి, ఆయనకు లెక్కపెట్టి ఇచ్చిన గిన్నె కోసం వెతుకుతోందట. ఆపేయమంది. తీగ చెయ్యి పైకెత్తితే ఆగిపోతుందని ఫోనులోనే చెప్పి ఉండొచ్చు. వచ్చినందుకు బాధ లేదు.

తలుపు తెరిచి నిలబడ్డాను. ఆమె నా వెనక నిలబడి అంది, "ఆయనకు ముందే తెల్సట అన్నా. పోయే ముందల చెప్పిండు. నువ్వు చెప్పినవు, దొంగ గాదని తెల్సింది, మంచిగైంది. చెప్పకపోతే ఇంక కొన్ని నిండు ముక్కలు తిని పోతుండె."

నన్ను తప్పుపట్టడానికి అన్న మాట కాదు అది. తనలో తాను ఎన్నిసార్లు అనుకుందో, ఆ రోజు పైకి వచ్చింది. అప్పటికే కీళ్లు పట్టేసిన వేళ్లతో తీగ చెయ్యి పైకెత్తాను. లోపల యంత్రం ఒకసారి కదిలి ఆగింది. ఏం రిపేరు చేశానని సెంటర్లో అడిగితే, ఏమీ లేదు, ఫ్రిజ్ బాగానే ఉందని చెప్పాను.